ఆ పైపు చుట్టిన చేతులు నావి

నా పేరు గుండేటి శ్రీలత. వయసు ఇరవై ఆరు. భర్త పేరు లక్ష్మణ్, కార్లు అద్దెకిచ్చే ఒక కంపెనీ షెడ్డులో మెకానిక్. మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర పల్లె. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఇప్పుడు భర్త వీసా మీద సౌదీలో, ఈ అల్ ఖోబర్‌లో ఉంటున్నాను. వృత్తి అన్నచోట దుబాసీ అబ్దుల్ ఖాదర్ గారు "గృహిణి" అని రాయబోతే ఆపాను. అది చివర్లో రాస్తానన్నాను.

నాకు అరబీ రాదు. తెలుగులో నేనే రాసి ఇస్తానంటే అధికారి గారు ఒప్పుకున్నారు. అబ్దుల్ ఖాదర్ గారిది కడప. ఆయన నన్ను రెండుసార్లు అడిగారు. "ఏమ్మా, తెలిసే చెప్తాండావా? ఒకసారి రాసిచ్చినాక వెనక్కి తీసుకునేకి కాదు." తెలిసే చెబుతున్నానన్నాను.

గురువారం సాయంత్రం సముద్రం రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో కారు నడుపుతున్న అమ్మాయికి భుజం ఎముక విరిగింది. నడుస్తున్న కారు ఉన్నట్టుండి నీరసించిపోతే వెనుక నుంచి వ్యాను గుద్దింది. ఇంజనుకు గాలి తీసుకుపోయే పైపు మెత్తబడి, చప్పిడిగా అతుక్కుపోయిందని మీరు బానెట్ ఎత్తి చూశారు. ఆ పైపు తాను చేశానని మా పక్క ఫ్లాటు ఉమేరా శనివారం ఇదే పోలీసు స్టేషన్లో చెప్పింది. అది నిజం కాదు. ఆ పైపు నేను చేశాను.

అలాంటి పైపులు కంపెనీవి ప్లాస్టిక్‌తో వస్తాయి. కార్ల మీద మోజున్నవాళ్లు అవి తీసేసి, నల్లగా నిగనిగలాడే కార్బన్ ఫైబర్‌వి పెట్టుకుంటారు. నేను మా వంటింట్లో చేస్తాను. థర్మాకోల్‌ను పైపు ఆకారంలో చెక్కి, టేపు చుట్టి, మైనం రుద్దుతాను. కార్బన్ గుడ్డను ఏటవాలుగా కత్తిరించి, ఎపాక్సీ జిగురు పూస్తూ పొర మీద పొర చుడతాను. మా అమ్మ ముత్యవ్వ బీడీలు చుట్టేది. ఆకును ఎటు నుంచి చుడితే చీలదో ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాను. గుడ్డ కూడా అంతే. తరువాత ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పాత ఫ్రిజ్ కంప్రెసరుతో గాలి లాగేస్తాను. మొదటి నాలుగు పైపులు చెడిపోయాయి. ఐదోది నిలిచింది.

ఉమేరా ఇక్కడే పుట్టింది. అరబీ మాట్లాడుతుంది, కారు నడుపుతుంది. వాళ్లమ్మ మేరాజ్ బేగంది హైదరాబాదు. ఐదో పైపు చూసి, ఇవి అమ్మిపెడతానని ఉమేరానే అంది. నేను పని చేస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని ఫోనులో వీడియో తీసేది. వీడియోలో గ్లవుజులు వేసుకున్న నా చేతులు కనిపిస్తాయి. వినిపించేది ఆమె గొంతు. దాని కింద అందరూ "తస్లమ్ ఈదిక్" అని రాస్తారు. ఆ మాటకు అర్థం ఫోనులో వెతికి తెలుసుకున్నాను. నీ చేతులు చల్లగా ఉండాలి అని. ఆమె ప్రతి ఒక్కరికీ గుండె బొమ్మ పెట్టేది. ఆ చేతులు నావి. ఆమె వెళ్లాక కూడా ఆమె అత్తరు వాసన వంటింట్లో ఉండిపోయేది. కిటికీ తెరిచినా పోయేది కాదు.

మా ఆయనతో అన్నాను. "ఆమె నోరు లేకుంటె నీ పైపు ఎవ్వడు గొంటడే?" అన్నాడు.

పైపు ఆరినంత మాత్రాన కారుకు పనికిరాదు. ముందే బాగా కాగాలి. లేకపోతే ఇంజను వేడికి జిగురు మెత్తబడుతుంది. మాకు పెద్ద ఓవెన్ లేదు. మా బిల్డింగు వెనుక ఇంజను పాడైన కారు ఒకటుంది. దాని అద్దాలు మూసి, వెనుక సీటు మీద పైపును మూడు మధ్యాహ్నాలు ఎండలో ఉంచుతాను. ఈ సంగతి ఉమేరాకు తెలుసు. ప్రమాదం జరిగిన కారులోని పైపును నేను మంగళవారం పొద్దున అక్కడ పెట్టాను. బుధవారం వెళ్లి చూస్తే సీటు ఖాళీగా ఉంది.

ఉమేరాను అడిగాను. "కస్టమర్ తొందర పెట్టింది శ్రీలతా, ఇచ్చేసిన. మస్తు మెరుస్తుంది గదా," అంది.

"అది ఇంక పచ్చిగున్నది. ఫోన్ చేసి వాపసు తెప్పియ్యి," అన్నాను.

"పచ్చిగున్నదా? అదేమన్న మామిడికాయనా?" అంది.

పక్కనే ఉన్న మా ఆయన కూడా నవ్వాడు. ఇది ఇక్కడ రాయవలసిన సంగతి కాకపోవచ్చు. కానీ నవ్వాడు. నేను మళ్లీ అడిగాను. రేపు చేస్తానంది. ఆ రేపు సాయంత్రమే ప్రమాదం జరిగింది.

శనివారం మధ్యాహ్నం మేరాజ్ బేగం మా ఇంటికి వచ్చారు. నా తల నిమిరారు. "బేటా, నువ్వు పరేషాన్ గాకు. ఉమేరా అంతా తన మీదేసుకున్నది. నీ పేరే ఎత్తలే. నీకు పని చేసే పర్మిట్ లేదు గదా, నిన్నూ నీ మొగుణ్ణీ ఇంటికి పంపిస్తరని ఆలోచించింది. చూడు, నా బిడ్డది ఎంత మంచి దిలో," అన్నారు.

వారు వెళ్లాక మా ఆయన కూడా అదే అన్నాడు. "నిజంగ మంచి మనిషి."

అప్పటివరకు భయంతో ఒళ్లు చల్లబడి ఉంది. ఆ మాటతో ఒళ్లు మండింది. మెచ్చుకోలు ఆమెకే పోయింది. ఇప్పుడు మంచితనం కూడా ఆమెదే అయింది.

స్టేషనుకు పోతానన్నాను.

"నీ ఇకామ కార్డు మీద పని చెయ్యద్దని రాసున్నది. సదివినవా లేదా?" అన్నాడు.

"సదివిన."

"నా నౌకరి పోతది. ఆఖరికి తప్పు గూడ నీకే గావాల్నా?"

"పైపు నాది," అన్నాను. ఆయన చేతిలో ఉన్న కారు తాళాలు జేబులో పెట్టుకున్నాడు. నేను టాక్సీలో వచ్చాను.

ఉమేరా మీద జాలితో వచ్చారా అని అధికారి గారు అడిగారు. జాలితో రాలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. పచ్చి పైపును ఇచ్చింది ఆమె. దానికి ఆమె జవాబు చెప్పాలి. చేసింది నేను. దానికి నేను చెబుతాను. ఆమెది ఆమెకు, నాది నాకు రాయండి. కలపవద్దు.

రుజువు ఉందా అని అడిగారు. ఉంది. బీడీ చుట్టాక మా అమ్మ కొసను బొటనవేలితో నొక్కి మూసేది. నాకూ ఆ అలవాటు వచ్చింది. చివరి పూత ఆరిందో లేదో చూడడానికి గ్లవుజు తీసి, కుడి బొటనవేలితో పైపు కొసన నొక్కుతాను. ఆ వేలిముద్ర జిగురులో ఉండిపోతుంది. ఫిల్టరు రబ్బరు కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. ఉమేరాకు కూడా తెలియదు. మీ దగ్గరున్న పైపుకు ఆ రబ్బరు తీసి చూడండి. బాగా నడుస్తున్న మిగతా పైపులకు కూడా తీసి చూడండి. వాటికి కూడా తప్పకుండా చూడండి.

ఇందులో రాసినదంతా నిజం. నేను చూసింది, చేసింది తప్ప మరొకటి రాయలేదు. అబ్దుల్ ఖాదర్ గారు చదివి వినిపించారు, సరిపోయింది.

ఆయన సంతకానికి చోటు చూపించారు. మా అమ్మ బీడీ కార్ఖానాలో ప్రతిసారీ వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని కొంగు చాటున దాచుకునేది. ఆ పని నాకు రాకూడదనే బడికి పంపింది. నాకు సంతకం వచ్చు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. కానీ పైపు మీద ఉన్నది సంతకం కాదు. అందుకని సిరా డబ్బా అడిగి తీసుకున్నాను.

వృత్తి: కారు ఇంజన్లకు కార్బన్ ఫైబర్ పైపులు చేయడం.

గుండేటి శ్రీలత, కుడిచేతి బొటనవేలి ముద్ర