సరిహద్దు మీద ఆగిన విమానం

కెనడాలో గడ్డకట్టిన విన్నిపెగ్ సరస్సు మీద చేపల కోసం కూర్చున్నవాళ్లకు వెచ్చదనానికి రెండే ఆధారాలు. ఒకటి పొయ్యి, రెండోది వాల్దీ నోరు. పొయ్యి అప్పుడప్పుడు ఆరిపోతుంది.

ఆ ఉదయం చెక్కగుడిసెలో నలుగురున్నారు. గుడిసె సొంతదారు స్టేనీ మంచులో తొలిచిన కన్నంలోకి గాలం వదిలి కూర్చున్నాడు. మూలన ఓరెస్ట్, నెల కిందటే నగరం నుంచి ఊళ్లోకి మకాం మార్చిన పెద్దమనిషి, మాట తక్కువ. పొయ్యి పక్కన వాల్దీ, తలుపు దగ్గర రూనా. డెబ్భై దాటిన ఆవిడ డబ్బా నిండా నూనెలో వేయించిన క్లైనర్లనే తీపి పిండివంట తెచ్చి అందరికీ పంచి, ఒక సందేహం అడిగింది. అడగడంలో తప్పు లేదు. వాల్దీ ఉన్నచోట అడగడమే తప్పు.

ఎల్లుండి ఆమె విమానమెక్కి దేశానికి పడమటి చివరనున్న విక్టోరియా వెళ్లాలి, చెల్లెలు లిల్యా దగ్గరికి. అక్కచెల్లెళ్ల మధ్య ఆరేళ్లుగా మాటల్లేవు. పోయినవారం లిల్యాయే ఫోన్ చేసి, "అక్కా, చిన్నప్పుడు వలల కొట్టు వెనక దాక్కుని కాల్చేవాళ్లం కదా, ఇప్పుడు దర్జాగా వాకిట్లో కూర్చుని కాలుద్దాం. మన ఊరి సరుకు తీసుకురా" అంది. రూనా లైసెన్సు ఉన్న కొట్టుకెళ్లి ఏడు గ్రాముల గంజాయి కొని, సీలు కూడా తీయకుండా దాచింది. మరి దానితో విమానం ఎక్కనిస్తారా?

"ఎక్కనిస్తారా అని నన్నా అడుగుతున్నావు రూనక్కా!" వాల్దీ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "నేను వాంకూవర్ వెళ్లినప్పుడు కోటు జేబులో పది గ్రాములు పెట్టుకెళ్లాను. తనిఖీ బల్ల దగ్గర ఒకాయన త్రాసు తెప్పించాడు. 'అయ్యా, ముప్పై గ్రాముల దాకా చట్టమే ఒప్పుకుంది, తూచుకో' అన్నాను. తూచాడు. సరిగ్గా ముప్పై! ముల్లు ఇంత కూడా అటూ ఇటూ లేదు."

"ఇందాక పదన్నావు" అన్నాడు స్టేనీ, గాలం మీంచి చూపు తిప్పకుండా.

"కోటుకి మూడు జేబులు! మధ్యలో అడ్డురాకు. ఆయన ఊపిరి తగిలితే ముల్లు కదులుతుందని, ఊపిరి బిగబట్టమని నేనే చెప్పాను పాపం. మొహం నీలంగా మారిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానం లేచింది, లేచిందో లేదో తుఫాను. పైలట్ ఏమన్నాడు? 'దగ్గర్లో దిగక తప్పదు, సరిహద్దుకి అవతల దిగుతున్నాం' అన్నాడు!"

రూనా చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "అవతలంటే అమెరికాలోనా?"

"మరి! అక్కడికి గంజాయి పట్టుకెళ్లావా, గ్రామైనా నేరమే. విమానంలో నూట అరవై మందిమి, జేబులన్నీ నిండుగా ఉన్నాయి. ఒకావిడ ఏడుపు, ఒకాయన ప్రార్థన. నేను లేచి పైలట్ దగ్గరికెళ్లి భుజం తట్టాను. 'తమ్ముడూ, నువ్వు కాసేపు పక్కన కూర్చో.'"

"నీకు సైకిలే సరిగ్గా రాదు కదయ్యా!" అన్నాడు స్టేనీ.

"సైకిల్‌కి రెక్కలుంటే వచ్చేది! వింటారా, మానేస్తారా? దింపాను. ఎక్కడ దింపాను? సరిగ్గా సరిహద్దు గీత మీద. ముక్కు కెనడాలో, తోక అమెరికాలో. తోక వైపు నుంచి అమెరికా పోలీసులు నిచ్చెన వేస్తున్నారు. 'పొట్లాలన్నీ ముందుకి!' అని కేకేశాను. చేతి నుంచి చేతికి, వరస నుంచి వరసకి అందించుకుంటూ వచ్చారు. ఆఖరి పొట్లం గీత దాటింది, అధికారి లోపల కాలుపెట్టాడు. వెనక సగమంతా వెతికాడు, ఏముంటుంది? ముందు సగానికొస్తే నేను అడ్డం నిలబడి, 'దొరా, ఇది కెనడా, బూట్లు విప్పి రా' అన్నాను. విప్పాడు! సాక్స్‌కి బొటనవేలి దగ్గర చిల్లు. నాకు సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు."

స్టేనీ నవ్వాడు. రూనా మాత్రం నవ్వలేదు. సరిహద్దూ పోలీసులూ అన్న దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. "నువ్వున్నావు కాబట్టి వాళ్లు గట్టెక్కారు. నేనొక్కదాన్నే పోవాలి. పట్టుకుంటే?"

"అదే మరి, నాలాంటివాడు పక్కనుండాలి" అన్నాడు వాల్దీ, ఆమె మొహం చూడకుండానే.

"ఈ వయసులో నాకీ గొడవలెందుకు? రావడం లేదని లిల్యాకి చెప్పేస్తాను." రూనా చేతితొడుగు విప్పి ఫోన్ తీసింది. ఇప్పుడు మానేస్తే చెల్లెలు మళ్లీ పిలవదని ఆమెకు తెలుసు. అయినా లిల్యా నంబరు తీసింది.

అప్పుడు ఓరెస్ట్ గొంతు సవరించుకున్నాడు.

"ఆగండమ్మా. విన్నిపెగ్ విమానాశ్రయంలో పదకొండేళ్లు ఆ తనిఖీ బల్ల దగ్గర ఉన్నది నేనే. సరిహద్దు దాటించకూడదన్నది నిజమే. విమానం అటు దిగడమన్నది ఎప్పుడో అరుదుగా జరుగుతుంది. దేశంలోపల తిరిగేవాళ్లని ముప్పై గ్రాముల లోపయితే మేం అడగం. మా దగ్గర త్రాసే లేదు." తర్వాత వాల్దీ వైపు తిరిగాడు. "మీరు నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు నాకు మీసాలుండేవి. మీ పొట్లం చూసి తిరిగిచ్చేశాను. ఆపింది జామ్ సీసాని."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"జామ్ కూడా ద్రవం కిందే లెక్క, చేతిసంచిలో అంత పెద్ద సీసా కుదరదన్నాను. పారేయమంటే ఈయన ఒప్పుకోలేదు. పక్క బెంచీ మీద కూర్చుని, కాఫీ కలిపే పుల్లతో సీసా మొత్తం తిన్నారు. అయ్యేసరికి విమానం వెళ్లిపోయింది. అంచేత ఆ రోజు ఈయన గీత మీదా దిగలేదు, గాల్లోకీ లేవలేదు."

ఎవరూ నవ్వలేదు. వాల్దీ మంచు కన్నం వైపు తల దించుకున్నాడు. "రూబార్బ్ కాడల జామ్" అన్నాడు. "మా అమ్మ పెట్టిన ఆఖరి సీసా. ఎలా పారేస్తాను?"

రూనా ఫోన్ జేబులో వేసుకుని చేతితొడుగు తొడుక్కుంది. "లిల్యాకి నేనూ జామ్ తీసుకెళ్తున్నాను, ఓరెస్ట్ గారూ."

"అది సామాను కింద ఇచ్చే పెద్దపెట్టెలో వేసెయ్యండి. పొట్లం చేతిసంచిలో ఉండనివ్వండి."

"నీకూ ఒక సీసా ఉంచుతాలే వాల్దీ. రూబార్బే. చెంచాతో తిను" అంది రూనా.

వాల్దీ తలెత్తాడు. మెల్లగా కళ్లల్లో వెలుగొచ్చింది. "చెంచానా? ఆ రోజు నేను తిన్న సీసా ఎంతుందో తెలుసా రూనక్కా? ఇదిగో, ఈ పొయ్యంత!" అని, ఒక్క క్షణం తడబడి, ఓరెస్ట్ వైపు చూశాడు.

ఓరెస్ట్ పొయ్యిని కింది నుంచి పైదాకా తీరిగ్గా చూశాడు.

"అంతే ఉంది" అన్నాడు.