సూర్యకాంతం గారి అట్టముక్కలు

తారీకు కావాలా అమ్మాయ్? రాసుకో. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, జులై పద్నాలుగు, శుక్రవారం. కిరందుల్‌లో తెల్లారినప్పటి నుంచీ ఒకటే ముసురు. మబ్బు దిగిపోయి కొండ మీద ఇనుప గని కనపడటం లేదు. సూర్యకాంతం గారి పరీక్ష ఆ రోజే. ఎవరావిడంటావేమిటి, తాతబాబు భార్య! అతను గనిలో రాయి తవ్విపోసే షావెల్ యంత్రం నడిపేవాడు, కామెర్లతో పోయాడు. అతని బదులు ఆవిడకి గని సామాన్ల స్టోరులో తాత్కాలికంగా పనిచ్చారు. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితేనే ఖాయం. లేదా, ఉద్యోగమూ పోయె, క్వార్టరూ పోయె. అప్పటికే ఒకసారి తప్పింది, మిగిలింది ఒక్క అవకాశం. బావగారు గవర్రాజు బొబ్బిలి నుంచి కొడుకుని వెంటేసుకొచ్చి ఆ ఇంట్లోనే మకాం. "అయిదో తరగతి దానివి, నీకెందుకమ్మా ఈ అవస్థ? వదులుకున్నానని సంతకం పెట్టేయ్, మావాడు చేరతాడు" అని పొద్దున్నా సాయంత్రం అదే పాట. ఆవిడ వినీ విననట్టు బియ్యం ఏరుకునేది.

పరీక్షంటే ఏముంది, ఒక మాటిస్తారు, దానికున్న ఒక్కో అర్థానికీ ఒక్కో వాక్యం రాయాలి. ఫైల్ అంటే దఫ్తర్లో కాగితాలుంచేదీ, ఇనుము అరగదీసే ఆకురాయీ. అలాంటివన్నమాట. మొదటిసారి పాఠం చెప్పింది నేనే. ఆ స్టోరులోనే గుమస్తాని, బి.ఏ. చదివిన పొగరు కదా, నిఘంటువు ముందు పెట్టి బట్టీ పట్టించాను. వరసలో అడిగితే గడగడా చెప్పేది, మధ్యలోంచి అడిగితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. తప్పాక ఆవిడే అంది, "బాబూ, మీ పుస్తకంలో అన్నీ ఒకే డబ్బాలో పోసేశారండీ. మేకులూ మరలూ కలిపి పోస్తే స్టోరు నడుస్తుందా?" స్టోరులో ఎలాగంటే, ప్రతి సరుకుకీ ఓ గూడు, ఆ గూటికి ఓ కార్డు కట్టి ఉంటుంది. ఆవిడ మాటలకీ అదే చేసింది. ఒక్కో అర్థానికి ఒక్కో అట్టముక్క రాసి కట్టింది. ఆకురాళ్ల గూటికి ఒకటి, గుమస్తా బల్లకి ఒకటి. ఛార్జ్ అంటే బ్యాటరీ గదిలో ఒకటి, డ్యూటీ అప్పగించే రిజిస్టరు దగ్గర ఇంకోటి. అక్కడిదాకా నడిచి, వస్తువు చేత్తో ముట్టుకుని, వాక్యం పైకి చెప్పాల్సిందే. సామాన్లు మోసే ఖలాసీ హిడ్మా నవ్వేవాడు, "ఏంది దీదీ, మాటలకి కూడా స్టాకు చూస్తున్నవా? స్ప్రింగంటే వసంతం కూడానంటివి, దాన్నేడ కడతవు?" "కిటికీకి కట్టానురా, ఎదురుగా మోదుగుచెట్టుంది." ఆ చెట్టు కొట్టేశారులే, సైకిల్ స్టాండ్ కోసం. పెద్ద సైకిళ్లు వీళ్లవి... ఏం చెబుతున్నాను? ఆఁ, పరీక్ష. బల్ల కింద ఆవిడ కాళ్లు ఆడుతూనే ఉన్నాయట. పరీక్ష పెట్టే సాబ్ విసుక్కున్నాడు, "కుదురుగా కూర్చోలేరా?" "నడవాలి కదండీ సార్! ఇంకా స్టోరు మూడో వరసలోనే ఉన్నాను." గంట కొట్టేసరికి చివరి గూటిదాకా వెళ్లొచ్చింది. ఫలితం చెప్పిన మర్నాడే గవర్రాజు కొడుకుతో సహా పాసింజరెక్కాడు.

ఇరవై రెండేళ్లు చేసిందమ్మా ఆ ఉద్యోగం. పిల్లల్లేరు. పోయే ముందు అన్నీ చెప్పే పోయింది. గాజులు వంటకి సాయం వచ్చే పోలమ్మకి, ఇంటిస్థలం తమ్ముడికి. అట్టముక్కలన్నీ హిడ్మా కూతురికి, అది చదువుకుంటోందని. గవర్రాజు కొడుక్కి ఏమీ లేదు. నాకా? నాకూ ఏమీ లేదు. ఒక్క ముక్కయినా... ఆ తలుపు దగ్గరికి వెయ్యి అమ్మాయ్, దోమలొస్తున్నాయి.