లాజరు పెద్దబాజా

బంద్ చెయ్ రోజా, ఆ సెల్లు బంద్ చెయ్! చెయ్ అంటున్న గద! ...ఆఁ. ఇట్ల రా, కూసో. గిది యాడ దొరికింది నీకు? నా పెట్టెల ఉన్న రికార్డు అట్ట మీద పేరు సూసి హైద్రాబాద్‌ల ఎక్కిచ్చుకొచ్చినవా? తాత సంబురపడ్తడనుకున్నవా? మంచిగ సంబురపడ్డ.

ఆ అట్ట ఎవలిదో ఎరికేనా? లాజరుది. నా జతగాడు. నువ్వు పుట్టకముందే పోయిండు. మన చర్చిల కాళ్లతోని తొక్కే బాజా ఉంటుండె, ముప్పై ఏండ్లు ఆయననే తొక్కిండు. ఎలుకలు దాని తోలు కొరికితె తన చెప్పుల తోలు కోసి అతికిచ్చిండు. గా బాజాను ఏం జేసిన్రు? కమిటోళ్లు కరెంటు కీబోర్డు తెచ్చుకొని, దాన్ని ఇరగ్గొట్టి క్రిస్మస్ వంటకు పొయ్యిల పెట్టిన్రు! సిగ్గు శరం లేనోళ్లు. సరే, దాని ముచ్చట ఇడువు.

మిషను దొరసాని ఎల్లిపొయ్యేటప్పుడు లాజరుకు ఒక రికార్డు ఇచ్చింది. ఫ్రాన్సు దేశపోళ్ల సంగీతం. వందమంది కూసోని వాయిస్తరంట, ఆకరికి గోడంత పెద్దబాజా లేస్తదంట. బంగళల ఒక్కపారి ఇన్నడు, గంతే. రికార్డు తిప్పే మిషిని దొరసానితోనే పాయె. ఇగ ఉత్త రికార్డు సంకల పెట్టుకొని తిరిగేది. "గిద్యోనూ, అది లేస్తె నేల అదురుతదిరా, కాళ్లకు తెలుస్తది" అనేటోడు. దవాఖానల పండుకొని నా చెయ్యి పట్టిండు. "నన్ను బొంద పెట్టేనాడు ఆ రికార్డు మొత్తం ఇనిపియ్యిరా." మాటిచ్చిన.

మైకుసెట్ మాణిక్యప్పను రికార్డు మిషినితోని సమాధుల కాడికి తెచ్చిన. బాజా అయినంకనే మన్ను ఏసుడని చెప్పిన. జనమంత పిడికిట్ల మన్ను పట్టుకొని నిలబడ్డరు. రికార్డు తిరుగుతుంది, పిడేళ్లే పిడేళ్లు. ఎండ మండుతుంది. పాస్టరు గడియారం సూస్తుండు. "ఇంకెంతసేపయ్యా గిద్యోను? బోరంచ ఊర్ల పెండ్లున్నది నాకు." కంగ్టి ఊరికెల్లి వచ్చినోళ్లేమో "బస్సు పోతది మామా" అంటున్రు. గీళ్ల పెండ్లిళ్లకు ముప్పై ఏండ్లు వాయిచ్చిండు ఆయన, అరగంట ఆగలేరా? థూ! నోరు తెరిచి తిట్టాల్సి ఉండె. తిట్టలే.

రికార్డు రెండోదిక్కు తిప్పినం. ఉరికిచ్చి ఉరికిచ్చి వాయిచ్చిన్రు, మెల్లగ సల్లబడ్డది. ఇగ ఇనొస్తనే లేదు. "అయిపోయినట్టే గద" అన్నడు పాస్టరు. పెద్దబాజా ఇంకా లేవలే. లేవలే అని నాకెరికే! అయినా రికార్డు మీది ముల్లెత్తిన. గీ చేత్తోనే. రికార్డు తీసి ఆయన ఎద మీద పెట్టిన, మన్ను ఏసిన్రు.

గిప్పుడు నువ్వు పెడితివి. గట్లనే సల్లబడ్డది. నా చెయ్యి దానంతట అదే లేసింది, సూసినవా? ఒక్క ఊపిరి, గంతేనే! ఎంటనే పెద్దబాజా లేసింది. ఇంతంత సెల్లుల గూడ గీ మంచంపట్టె అదిరింది. ఇన్నేండ్లు పాస్టర్ని తిడితి, కంగ్టోళ్లను తిడితి. ముల్లు వాళ్లు పట్టలేదే రోజా.

ఏడుస్తలేను, నీ పని నువ్వు సూసుకో. ...గా కట్టె ఇటియ్యి. సమాధుల కాడికి ఆటో వస్తదా గిప్పుడు? సెల్లుల చార్జింగు ఎంతున్నది?