తోలు సల్లబడ్డది

రేగొండలో పెళ్లి ఊరేగింపు కదిలే ముందు మేనమామ తోలు బిగిసి మోగేందుకు గడ్డిమంట దగ్గర డప్పు కాపుతున్నాడు. అల్లుడు ఫోన్‌లో పాతకాలపు రాక్ బ్యాండ్ కచేరీ చూపిస్తున్నాడు.

“మామా, ఇగ డప్పు బంజేస్త. గీ డ్రమ్ములు నేర్చుకుంట.”

“కొట్టుడు మంచిగనే ఉన్నది అల్లుడా. గని తోలు సల్లబడ్డది.”

“కోటిమంది మెచ్చుకున్నరే!”

“గా కోటిమందిల డప్పు గొట్టెటోడు ఒక్కడన్న ఉన్నడా? జర గా వీడియో కింద రాయి: ‘నాయినా, ముందుగాల మంట పెట్టు’ అని.”

“రాసిన. గని ఇది యాభై ఏండ్ల కిందటి వీడియో మామా.”

“ఆగాగు! స్టేజి మీద గా లేస్తున్నయేంది?”

“మంటలే. జనం ఖుషీ అయితరని పెడ్తరు.”

“సూసినవా, చెప్పంగనే ఇన్నడు! మంచి పోరడు. నీకు పదేండ్ల సంది చెప్తున్న, ఇంటలేవు. తే, నీ డప్పు మంటకు పెట్టు.”