అంట్లు తోమినప్పుడే తిరిగే ఫ్యాను: భీమశంకరరావు గారికి అభినందన

1988 నవంబరు 14న విశాఖ శివారు సెక్షన్‌లో హెల్పరుగా చేరిన శ్రీ భీమశంకరరావు గారు, ముప్పై ఆరేళ్లకు పైబడిన నిర్విరామ సేవానంతరం ఈ జూన్ 30న లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేస్తున్నారు. వారి గురించి రాసే భాగ్యం నాకు దక్కినందుకు పట్టరాని సంబరంగా ఉంది.

లైన్‌మన్‌గా సింహాచలం దిగువన, 2011 నుంచి పరవాడ వైపు పల్లెల్లో వారు పనిచేశారు. హుద్‌హుద్ తుపాను తరువాత పదకొండు రోజులు ఇంటి ముఖం చూడలేదు. శ్రీమతి పద్మావతి గారు పంపిన క్యారేజీలో సగం సహోద్యోగులే ఖాళీ చేసేవారట.

2022 ఏప్రిల్‌లో, కొత్తగా వచ్చిన ఏఈగా, సన్యాసమ్మ గారనే వృద్ధురాలి ఇంట్లో వోల్టేజీ సగానికి పడిపోవడం చూసి, ట్రాన్స్‌ఫార్మరు మార్చాలని నేను నివేదిక రాసేశాను. పక్కింటి ఫ్యాను గిర్రున తిరుగుతోందని గమనించనైనా లేదు. నా వెంట వచ్చిన భీమశంకరరావు గారు వోల్టేజీ కొలిచే మీటరు సంచిలోంచి బయటికి తీయకుండానే, ఫ్యాను ఎప్పుడు బాగా తిరుగుతుందని ఆమెను అడిగారు.

"నాను అంట్లు తోమినప్పుడు బాబూ. తడి ఆరితే మల్లీ నీరసపడిపోతాది."

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. అంట్లు తోమే చోటనే ఎర్త్ పైపు ఉంది. ఆమె తడి చేతులతో గిన్నెలు దానికి ఆనించి కూర్చోబోతున్నారు. ఆమెను పక్కకు రమ్మని, ఆయన పరుగున వెళ్లి ఫ్యూజు పీకేశారు.

స్తంభం మీద ఆ ఇంటి న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగిపోయింది. దీపాలు ఆరిపోతే, ఎవరో వైర్‌మన్ న్యూట్రల్‌ను ఎర్త్ పైపుకు కలిపేసి వెలుగు తెప్పించి వెళ్లాడు. ఇంట్లోని కరెంటంతా ఆ పైపు గుండానే నేలలోకి పోతోంది. నేల తడిస్తే దారి సులువై ఫ్యాను తిరుగుతోంది. పైపు మాత్రం ఎప్పుడూ షాక్ కొట్టే స్థితిలోనే ఉంది.

సిగ్గుతో నివేదిక చింపబోయాను. "ఉంచండి మేడమ్. ఆవిడ సెప్పింది కూడా అందులో రాయండి" అన్నారు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు కోసం ఎదురుచూస్తూ నేను ఆ తల్లిని పోగొట్టేదాన్నన్న తలంపు ఈనాటికీ నన్ను వణికిస్తుంది.

స్తంభాలెక్కిన ఆ కాళ్లు ఇకపై సతీసమేతంగా సింహాచలం మెట్లు తీరిగ్గా ఎక్కాలనీ, వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాను. ఇది నా కోరిక మాత్రమే కాదు, ఈ వ్యాసం రాస్తున్నానని ఫోన్ చేస్తే, సన్యాసమ్మ గారు అన్న మాట ఇది: "నా ఆయుస్సు కూడా ఆ బాబుకే ఎయ్యమని రాయమ్మా."

నీలిమ
అసిస్టెంట్ ఇంజనీరు