గీత పడకముందే

ఈ సభకు పెద్దరికం వహించిన మా మేనేజింగ్ డైరెక్టర్ గంగాధర్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, మొదటి వరసలో నన్ను చూసి అప్పుడే నవ్వుతున్న విశాలాక్షమ్మ గారికి, పెనుకొండ నుంచీ ధర్మవరం నుంచీ రైల్లో నిలబడి హిందూపురం దాకా వచ్చిన మా టెస్టింగ్ షాపు మిత్రులకు, ఈ రోజు రిటైరవుతూ, మెడలో దండ వేస్తే ఎవరికో వేయాల్సింది తనకు వేశారన్నట్టు ఇబ్బందిగా కూర్చున్న మా మార్కండేయులు సారుకు నమస్కారం.

నేను వరలక్ష్మిని. కనగానపల్లి పక్కన వేరుశనగ చేలలో పెరిగి, ఇంజినీరింగ్ చదివి, ఇన్నేళ్లూ సారు దగ్గర పని నేర్చుకుని, రేపటి నుంచి ఆయన కుర్చీలో కూర్చోబోతున్నదాన్ని. ఆయన గురించి చెప్పమంటే సంతోషంగా ఒప్పుకున్నాను గానీ, నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు.

సారు ఏం పని చేసేవారో ఇక్కడున్న బంధువుల్లో చాలామందికి తెలియదు. విమానం ఇంజిన్లో షాఫ్టును మోసే బేరింగులుంటాయి. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో రోలర్లు, ఆ రోలర్లు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఎడంగా పట్టుకునే కేజ్. రోలర్లు దొర్లాలి, జారకూడదు. చిత్రమేమంటే, బరువు ఎక్కువైనప్పుడు కాదు, తగ్గినప్పుడు జారతాయి. చపాతీ కర్రను ఒత్తిపట్టి తోస్తే దొర్లుతుంది, పైపైన ఆనించి తోస్తే పిండి మీద జారిపోతుంది, అలాగన్నమాట. ఆ వేగంలో జారితే నూనె పొర చిరిగి ఇనుము ఇనుముకు రాసుకుంటుంది. షాఫ్టు ఇంత వేగంగా తిరిగితే కేజ్ ఇంత తిరగాలని లెక్క ఉంది. కేజ్ అంతకంటే వెనకబడిందంటే రోలర్లు జారుతున్నట్టు. మనం తయారుచేసిన బేరింగులను టెస్టింగ్ షాపులో మిషను మీద తిప్పి, ఆ వెనకబాటును పట్టుకోవడమే సారు ఉద్యోగం. వేడి పెరగకముందే, అదురు మొదలుకాకముందే పట్టుకోవాలి.

అందుకే టెస్టు నడుస్తుంటే ఆయన కదిలేవారు కాదు. ఇంటికెళ్లే రైలు వెళ్లిపోయేది. సారు ఇల్లాలు విశాలాక్షమ్మ గారు నాకు ఫోన్ చేసేవారు. "ఏమ్మా, మీ సారు ఈ పొద్దన్నా ఇంటికొస్తాండారా, లేకుంటే ఆ మిషను పక్కనే చాప ఏసినారా?" అని. (నవ్వులు) అమ్మా, చాప వెయ్యలేదు గానీ, అడిగుంటే వేసేవాళ్లం.

ఒక రోజు సంగతి చెప్పి తీరాలి. పెద్ద ఆర్డరు. కొనేవాళ్ల తరఫు ఇంజినీర్లు వచ్చి మా షాపులో కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఉష్ణోగ్రత బాగుంది, అదురు లేదు, అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. లోడు తగ్గించగానే స్క్రీన్ మీద కేజ్ వేగం ఒక్కసారి దిగి, మళ్లీ లేచింది. సారు మిషను ఆపేశారు. బేరింగు విప్పి చూస్తే రోలర్లు అద్దాల్లా మెరుస్తున్నాయి, ఒక్క గీత లేదు, మచ్చ లేదు. వచ్చినవాళ్లలో ఒకాయన, వేగం కొలిచే మీ సెన్సారుకు మత్తెక్కినట్టుంది అని నవ్వాడు. మనవాళ్లు కూడా నవ్వారు. మా ఫిట్టరు జోసెఫన్న నవ్వలేదు, తిట్టాడు. "మీకేం సార్, ఒక్క వేలితో నొక్కేసినారు. ఇప్పేది, బిగించేది మేము గదా!" అన్నాడు. ఏం జోసెఫన్నా, కాదంటావా? (జోసెఫ్ లేచి చేతులు జోడించడం, నవ్వులు)

గంగాధర్ సార్ మార్కండేయులు సారును పక్కకు పిలిచి, ఆర్డరు పోతే షాపు నడవదు, మచ్చే లేనప్పుడు పాస్ చేస్తే ఏమని అడిగారు. తప్పుగా అడగలేదు, ఇంతమంది జీతాలు ఆయన తల మీదున్నాయి. మార్కండేయులు సార్ గొంతు పెంచలేదు. "గీత పడినాంక చెప్పేకి నేనెందుకు సార్? అది కండ్లుండే ఎవురికైనా కనపడతాది. పడకముందే చెప్పేకి కదా నన్ను ఈడ పెట్టుకునింది" అన్నారు.

అదే బేరింగును మళ్లీ బిగించి, అదే తగ్గు లోడులో ఈసారి ఆపకుండా నడిపాం. విప్పితే రోలర్ల మీద బూడిదరంగు మరకలు, గోటికి తగిలేంత గరుకు. నవ్వినాయన ఒక రోలరు చేతిలోకి తీసుకుని, గోటితో గీకి చూసి, పక్కనున్నాయనకు అందించాడు. డిజైను మార్చాల్సి వచ్చింది, ఆర్డరు ఆలస్యమైంది, జీతాలూ ఆలస్యమయ్యాయి, క్యాంటీన్లో కొందరు సారు బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. ఆయన ఒంటరిగా పులిహోర తిని, చేయి కడుక్కుని, వచ్చి టెస్టు మొదలుపెట్టేవారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని. ఆ ఓర్పు చూసే నాకు ఆయనంటే ఇంత గౌరవం.

ఇక అసలు మాట. ఇకపై ప్రతి బేరింగుకూ కేజ్ వేగం చూడనక్కర్లేదు, బ్యాచికి ఒక్కటి చూసి మిగతావాటికి వేడి, అదురు చూస్తే చాలు, టైము కలిసొస్తుందని పోయిన వారం ఒక ప్రతిపాదన వచ్చింది. సారు వెళ్లిపోతున్నారు కాబట్టి అది నా సంతకం కోసం ఆగింది.

గంగాధర్ సార్, మీరంటే నాకు గౌరవం, ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా. ఇన్నాళ్లూ ఏదైనా వద్దనాలంటే మార్కండేయులు సార్ వెనక నిలబడి వద్దన్నాను. రేపు నా ముందు ఎవరూ ఉండరు. ఈ మాట మీ గదిలోకి వచ్చి చెప్పచ్చు. కానీ గదిలో మీరు నచ్చజెబితే ఒప్పుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం. అందుకే మా అమ్మానాన్నలున్న సభలో, సారు వింటుండగా చెబుతున్నాను. కేజ్ వేగం చూడని బేరింగు నా సంతకంతో బయటికి పోదు. అది కుదరదంటే ఆ కుర్చీలో వేరొకరిని కూర్చోబెట్టండి, నేను బాధపడను. అబద్ధం, చాలా బాధపడతాను. అయినా సంతకం పెట్టను.

ఇంత ఓపికగా విన్న మీ అందరికీ, సారును ఇన్నేళ్లు మాకు వదిలిపెట్టిన విశాలాక్షమ్మ గారికి కృతజ్ఞతలు. సార్, మీరింక నిశ్చింతగా ఇంటికి పొండి. సెలవు.