మీ తాతయ్య ఐదో రికార్డు

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో, సర్లే, నువ్వే చదువు. ఊఁ, మీ తాతయ్యకు నచ్చిన ఐదు రికార్డులా. ఎప్పటి పత్రికే ఇది, మీ నాయనమ్మ బీరువాలో దొరికిందా. మొదటి నాలుగూ సరే, మహామహా విద్వాంసులవి, ఎవర్ని అడిగినా అవే చెబుతారు, చెప్పకపోతే మర్యాదగా ఉండదు. ఐదోదే కదా నీ అనుమానం. ఎవరో ఊరూ పేరూ లేనాయన ఫిడేలు, మీ తాతయ్య అంతటివాడు దాన్నెందుకు పట్టుకున్నాడని. నీ వ్యాసంలో తాతయ్య మీద ఎవరెవరి ప్రభావం ఉందో రాయాలంటావు, అయితే ఆ పేజీలో నన్ను కూడా ఎక్కించాలి, చూసుకో మరి. నవ్వకు. నాకు ఫిడేలు ఏ చేత్తో పట్టుకుంటారో కూడా తెలీదు, అయినా సరే.

అసలు సంగతేమిటంటే, మా అక్క పెళ్ళైన కొత్తల్లో, అంటే మీ నాయనమ్మా తాతయ్యా, మా ఇంట్లోనే ముందుగదిలో ఉండేవాళ్ళు. ఆయన పగలంతా ఆఫీసులో కాగితాలు టైపు చేసి, సాయంత్రం తలుపేసుకుని ఫిడేలు. నేనేమో పదో తరగతి రెండుసార్లు తప్పి, మా నాన్న చేత తిట్లు తిని, రేడియోలు బాగుచేసే కొట్లో పనికి కుదిరాను. మూడు నెలల్లో నేను నేర్చుకున్న విద్య చెవి మీద స్క్రూడ్రైవర్ నిలబెట్టుకోవడం. పడేది కాదు, ఎంత తిరిగినా. సరిగ్గా అప్పుడే మీ తాతయ్య ఈ రికార్డు కొనుక్కొచ్చారు, ఆ రోజే ప్లేయర్‌లో పళ్ళేన్ని తిప్పే రబ్బరు పట్టీ తెగింది. ఆయన "కొట్లో ఇద్దాంలేరా, మీ ఓనరు చూస్తాడు" అన్నారు. నేనుండగా ఓనరెందుకు బావా, అన్నాను. పాత సైకిల్ ట్యూబు తెచ్చి, మా అక్క కత్తెరతో ఉంగరంలా కోసి తగిలించాను. తిరిగింది. కత్తెర మాత్రం పాడైంది, ఆ తిట్లు వేరే. తిరిగింది గానీ పట్టీ కాస్త వదులు. జారేది. అయితే జారడం కూడా ఒకే తీరుగా జారేది, అదీ నా పనితనం. పళ్ళెం నిదానంగా తిరిగేది, పాట నిదానంగా, బొంగురుగా వచ్చేది. నాకేం తెలుసు, ఫిడేలంటే అలాగే మూలుగుతుంది కాబోలనుకున్నాను. మీ తాతయ్యేమో తన ఫిడేలు తీగలు వదులు చేసి, ఆ బొంగురుకు కలుపుకుని, ఆరు నెలలు అదే పాట నేర్చుకున్నారు.

ఆ వాయింపుతోనే కదా ఆయనకి పేరొచ్చింది. సభల్లో ముందు వరసవాళ్ళు కళ్ళు మూసుకునేవాళ్ళు. పత్రికల్లో రాసేవాళ్ళు, "ఈ గాంభీర్యం ఏళ్ళ తరబడి సాధన, ఈ నిదానం లోతైన ఆలోచన" అని. నేనవన్నీ కత్తిరించి దాచేవాణ్ణి. అలా ఉండగా ఒకరోజు మా ఓనరు అదే రికార్డు కొట్లో పెట్టాడు. చూస్తే వెనక కుక్కలు తరుముతున్నట్టు పరుగెడుతోంది. నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ అలాగే ఉండిపోయింది, ఎవరిదో రేడియో డబ్బా కాలి వాసనొస్తే గానీ తెలీలేదు. లోకమంతా మెచ్చుకుంటున్న గాంభీర్యం నా సైకిల్ ట్యూబు. ఈ మాట బయటపడితే మా బావ పరువు పోతుంది, నేను నోరు మూసుకుని ఆయన్ని కాపాడాలి, అనుకున్నాను. నిజానికి నా మెకానిక్ పేరు పోతుందని భయం. కానీ త్యాగం అనుకుంటే బాగుంటుంది కదా. పద్దెనిమిదేళ్ళు త్యాగం చేశాను.

తర్వాత రేడియోవాళ్ళు పిలిచారు. పెద్ద పెద్ద విద్వాంసులు తమకిష్టమైన ఐదు రికార్డులు తెచ్చి, వినిపించి, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో చెప్పాలి. మీ తాతయ్య సంచిలో ఐదోది ఇదే. స్టేషన్లో మెషీన్ సరైనది ఉంటుంది కదా, అక్కడ పాట అసలు వేగం బయటపడిపోతుంది. నేనూ వస్తాను బావా, బరువు మోయడానికి, అన్నాను. ఐదు రికార్డులకి బరువేమిటి, అన్నారాయన. బస్సులో ఆ సంచి నా కిందే పెట్టుకుని కూర్చున్నాను. అవును, విరగ్గొడదామనే. గుంతల రోడ్డు, నా ఒళ్ళు అప్పుడే ఇంత ఉండేది, అయినా అది వంగింది గానీ విరగలేదు. ఆ పని కూడా సరిగ్గా చేతకాలేదు నాకు.

స్టేషన్లో పాట మొదలైంది. పరుగే పరుగు. అద్దం ఇవతల నేను చెమటలు కక్కుతున్నాను. ఆ ప్రశ్నలడిగే ఆవిడ, సన్నటి గొంతు, "ఏమండీ, మీరు వాయించేది ఇలా ఉండదే, దీన్లోంచి మీరేం తీసుకున్నట్టు?" అంది. మీ తాతయ్య తాపీగా, "మా ఇంట్లో ఇది నిదానంగా తిరుగుతుందండీ. మా బావమరిది బాగుచేశాడు. ఆ నిదానంలో నాకు రెండు స్వరాల మధ్య ఏముందో వినపడింది. గురువుల లెక్క తీస్తే వాణ్ణీ కలపాలి" అన్నారు. ఆవిడ నవ్వింది, నా పక్కనున్న ఇంజనీరు కూడా నవ్వాడు, నేనెవరో తెలీక.

తిరుగు బస్సులో అడిగాను, ఎప్పుడు తెలిసింది బావా అని. "నువ్వు పట్టీ తగిలించిన రోజే. కొనేముందు రికార్డుల కొట్లో వినలేదుట్రా నేను?" అన్నారు. మరి చెప్పలేదేం, ఓనరు చేత మార్పించుకోవచ్చుగా, అన్నాను. ఆయన, "ఆ రోజు మీ నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పళ్ళెం తిరగ్గానే నవ్వారు. నిన్ను చూసి ఆయన నవ్వడం నేనదే మొదటిసారి చూడటం. ఇప్పుడేం చెబుతాంలే అని, నేనే తీగలు వదులు చేసుకున్నాను" అన్నారు.

మా నాన్న నవ్వాడని నాకు తెలీదమ్మా. నేను వంగి పట్టీ చూసుకుంటున్నాను. వీపు ఆయనవైపుంది.

ఇంకేం లేదు. రాసింది చాలు, మూసెయ్యి.